నాస్ కాపీ 11 ఎంబీ దగ్గరే ఆగిపోతే: 2.5 గిగ్ స్విచ్చు కొనాలా, తీగ విప్పి చూడాలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పెళ్లి ఫొటోల స్టూడియోల్లోనూ ఇళ్లలోనూ నాస్ (నెట్‌వర్క్ తీగకి తగిలించి ఫైళ్లు దాచుకునే డిస్కుల పెట్టె) పెట్టినవాళ్ల గోల ఒకటే. 50 జీబీ వీడియో ఎక్కించడానికి గంటా పావు పడుతోంది, స్పీడు సెకనుకి 11 మెగాబైట్లు దాటట్లేదు. విశాఖ నుంచి 2.5 గిగ్ (సెకనుకి 2,500 మెగాబిట్ల) సామాను తెప్పించమని కొందరు, ముందు తీగ చూడమని కొందరు. చాలామంది దగ్గరున్న ఏర్పాటు ఇది: రెండు డిస్కుల నాస్, రైడ్ 1 (రెండు డిస్కుల్లోనూ అదే సరుకు), దానికి 1 గిగ్ పోర్టు, విండోస్ 11 కంప్యూటరు, మధ్యలో ఫైబర్ వాళ్లిచ్చిన డబ్బానే స్విచ్చు (నెట్‌వర్క్ తీగలను కలిపే పెట్టె). డబ్బు పెట్టకముందే ఏది నిజమో తేల్చండి.

నాగావళి (రాయగడ)
ఇందులో తేల్చడానికి ఏటుందండీ? ఇప్పటి 3.5 అంగుళాల డిస్కు వరసగా రాస్తే సెకనుకి 180 మెగాబైట్లకు పైనే ఇస్తుంది. 1 గిగ్ తీగలో ఎంత తన్నుకున్నా 113 దాటదు. అంటే కొన్న డిస్కులో మూడో వంతు స్పీడు ఊరికే పోతోంది. స్విచ్చు, రెండు యూఎస్‌బీ 2.5 గిగ్ అడాప్టర్లు తెప్పిస్తే గొడవ వదిలిపోతుంది.

వంశధార (గుణుపురం)
113 దగ్గర ఆగినవాడికి ఆ మాట చెప్పండి అన్నా. ఇక్కడ అడుగుతున్నది 11 గురించి. 100 మెగాబిట్లను 8తో భాగిస్తే 12.5, పైఖర్చులు పోగా చేతికొచ్చేది 11 నుంచి 11.8. ఆ అంకె కనబడితే ఎక్కడో ఒక లింకు 100కి పడిపోయిందని అర్థం. విండోస్ సెట్టింగ్స్‌లో ఈథర్నెట్ తెరిచి లింక్ స్పీడ్ చూడండి, నాస్ నెట్‌వర్క్ పేజీలోనూ అదే చూడండి. రెంటిలో ఒకటి 100 అంటే రోగం దొరికినట్టే.

మొదటి అనుమానం ఆ ఫైబర్ డబ్బా మీదే. నాలుగు పోర్టులున్న చాలా మోడళ్లలో ఒక్కటే గిగ్, మిగతా మూడూ 100వి. ఇంటర్నెట్ ప్లాను 40, 60 మెగాబిట్లది కాబట్టి ఏళ్ల తరబడి ఎవరికీ తెలీదు, నాస్ పెట్టిన రోజే బయటపడుతుంది. 1,000–1,500 రూపాయల్లో ఐదు పోర్టుల గిగ్ స్విచ్చు వస్తుంది. నాస్, కంప్యూటరు రెండూ దానికి గుచ్చి, అక్కణ్ణించి ఒక్క తీగ డబ్బాకి ఇస్తే చాలు. కాపీ ఇక డబ్బా గుమ్మం తొక్కదు.

రెండోది తీగ. 100కి రెండు జతలు చాలు: 1–2, 3–6 పిన్నులు. గిగ్‌కి నాలుగు జతలూ కావాలి. నీలం జతలోనో బ్రౌన్ జతలోనో ఒక్క పోగు తెగితే లింకు చచ్చిపోదు, చప్పుడు చెయ్యకుండా 100కి దిగిపోతుంది. అందుకే ‘నెట్ బాగానే వస్తోంది కదేటి’ అంటారు.

మహేంద్రతనయ
ఎనిమిది లైట్ల టెస్టరు పెడితే ఎనిమిదీ వెలిగినా 100 దగ్గరే ఉండే తీగలున్నాయి. అదెలా?

వంశధార
ఆ టెస్టరు పోగు ఇటునుంచి అటు తగిలిందా లేదా అనే చెబుతుంది. జతలు సరిగ్గా ఉన్నాయో లేదో దానికి తెలీదు. చాలామంది రంగు జతలను వరసగా పెట్టి క్రింప్ చేసేస్తారు (ప్లగ్గులో నొక్కి బిగించేస్తారు): ఆరెంజ్ రెండు, పచ్చ రెండు, నీలం రెండు, బ్రౌన్ రెండు. రెండు చివర్లా అలాగే చేస్తే లైట్లన్నీ వెలుగుతాయి. కానీ 3, 6 పిన్నుల మీద పడాల్సినవి ఒకదానితో ఒకటి మెలిపడిన పోగులు. ఇక్కడ వేరే వేరే జతలవి పడతాయి, సంకేతం పక్క జతలోకి కారుతుంది. సరైన వరస: ఆరెంజ్-తెలుపు, ఆరెంజ్, పచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, పచ్చ, బ్రౌన్-తెలుపు, బ్రౌన్. మెలిక విప్పేది అరంగుళం లోపే.

పనిలో పనిగా ఒక పోగుని బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనబడితే అది రాగి పూసిన అల్యూమినియం. నాలుగుసార్లు వంచితే విరుగుతుంది, దాన్ని మళ్లీ క్రింప్ చెయ్యడం దండగ.

చిలికా గాలి (బరంపురం)
అందరూ తీగ చుట్టూనే తిరుగుతున్నారు. తీగ మార్చాక కూడా మొదటి కొన్ని నిమిషాలు 112 వచ్చి, తర్వాత 25కి పడిపోతే? అది డిస్కు బుద్ధి. ఎస్ఎంఆర్ డిస్కులో ట్రాకులు పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కప్పుకుని ఉంటాయి. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని మీదున్నవన్నీ లేపి మళ్లీ పేర్చాలి. మొదట్లో కొంత మేర కాష్ జాగాలో పడుతుంది కాబట్టి స్పీడుగా కనిపిస్తుంది, అది నిండగానే నత్తనడక. నాస్ పేరు పెట్టి అమ్మినా నమ్మడానికి లేదు. 2020లో వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ వరసలో 2 నుంచి 6 టీబీ డిస్కులు కొన్నింటిలో ఇదే వాడినట్టు ఒప్పుకుంది. తర్వాత సీఎంఆర్ (ట్రాకులు ఒకదాని మీద ఒకటి కప్పుకోని) డిస్కులను రెడ్ ప్లస్ అని విడదీసింది. కొనేముందు మోడల్ నంబరు డేటాషీట్‌లో చూసుకోవాలి.

నాగావళి
సరే, తీగో డిస్కో ఊహించుకుంటూ కూర్చోవడం ఎందుకు? నాస్‌లో ఐపెర్ఫ్3 (నెట్‌వర్క్ స్పీడు కొలిచే ప్రోగ్రాం) సర్వర్‌గా నడిపి, కంప్యూటర్ నుంచి 30 సెకన్లు కొట్టండి. ఒకసారి మామూలుగా, ఒకసారి తిరగేసి. రెండు దిక్కులా 940 మెగాబిట్లు వస్తే తీగకీ స్విచ్చుకీ దండం పెట్టి వదిలెయ్యండి. ఐపెర్ఫ్ డిస్కుని తాకదు. తర్వాత డిస్కుని విడిగా కొలవండి. నాస్ ర్యామ్ కంటే పెద్ద ఫైలు రాయాలి, లేకపోతే ర్యామ్ స్పీడు చూసి మురిసిపోతాం. కంప్రెషన్ ఆన్‌లో ఉంటే సున్నాల ఫైలు వాడకండి, అది నలిగిపోయి దొంగ అంకె ఇస్తుంది.

వంశధార
ఇంకోటి, మన వైపు తప్పనిసరిగా చూడాల్సింది. కాలవైశాఖి గాలికి కరెంటు ఠక్కున పోయి వస్తే, నాస్ లేచాక రెండు డిస్కులూ సమానంగా ఉన్నాయా అని మొత్తం సరిచూసుకుంటుంది. 4 టీబీ డిస్కుని సెకనుకి 150 మెగాబైట్ల చొప్పున చదవాలంటే ఏడు గంటలు దాటుతుంది. ఆ సమయంలో కాపీ పెడితే స్పీడు సగానికి పడిపోవచ్చు. స్టోరేజ్ పేజీలో ‘రీసింక్’ అని ఉందేమో చూడండి. రైట్-ఇంటెంట్ బిట్‌మ్యాప్ (ఎక్కడ రాస్తోందో గుర్తుపెట్టుకునే పట్టీ) ఆన్‌లో ఉంటే ఆఖర్న రాసిన చోట్లే సరిచూసి నిమిషాల్లో ముగిస్తుంది. ఇన్వర్టర్ ఉన్నవాళ్లు దాని మీటని యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. నార్మల్ మోడ్‌లో మారే సందులోనే నాస్ ఆరిపోయి మళ్లీ లేస్తుంది.

చిలికా గాలి
పెళ్లి ఫొటోలు 8,000 ఒక్కసారి లాగితే స్పీడు ఇంకా కిందికే పోతుంది. ప్రతి ఫైలుకీ తెరవడం, పేరు రాయడం, మూయడం అని ఎస్ఎంబీ (విండోస్ నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి) విడివిడిగా బేరమాడుతుంది. జిప్‌లో కుదించకుండా కట్టకట్టి ఒకే ఫైలుగా పంపి చూడండి. తేడా తెలిస్తే అప్పుడు తప్పు తీగదీ కాదు, డిస్కుదీ కాదు.

మహేంద్రతనయ
ఆఖరి ముడి ఒకటి. గోడలో వేసిన ఒక్క తీగనే ఎలక్ట్రీషియన్ రెండుగా చీల్చి, నాలుగు పోగులు కంప్యూటర్‌కీ నాలుగు పోగులు సీసీ కెమెరాకీ ఇచ్చేశాడనుకోండి. గోడ పగలగొట్టాలా?

వంశధార
అక్కర్లేదు. ఆ నాలుగు పోగుల మీద 100 తప్ప రాదు, నిజమే. కానీ నాస్‌ని డబ్బా దగ్గర్నుంచి తీసి కంప్యూటరున్న గదిలోకి మార్చండి. గిగ్ స్విచ్చు కూడా ఆ బల్ల మీదే పెట్టండి. గోడ తీగలో ఇంటర్నెట్ ఒక్కటే పారుతుంది, దానికి 100 ఎక్కువే. కాపీ మొత్తం రెండు మూరల ప్యాచ్ తీగలో జరిగిపోతుంది. కెమెరా జోలికి పోనక్కర్లేదు.

నాగావళి
ఇది బాగుంది తమ్ముడూ. అలా పెట్టాక కూడా 113 చాలట్లేదన్నవాడు ఎవడైనా ఉంటే, వాడి నాస్‌కి ఆ యూఎస్‌బీ అడాప్టరు డ్రైవరు ఉందో లేదో ముందు చూసుకుని రమ్మనండి. కొన్ని నాస్‌లు దాన్ని అసలు గుర్తుపట్టవు.