రోజూ హైదరాబాద్ ట్రాఫిక్, నెలకోసారి సొంతూరు: కుటుంబ ఎస్‌యూవీకి డీజిలా, హైబ్రిడ్డా?

మియాపూర్_తణుకు:

అందరికీ నమస్కారం. 2014లో కొన్న మా డీజిల్ కారు లక్షా అరవై వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంజిను ఇప్పటికీ బాగానే ఉంది గానీ, పిల్లలిద్దరూ ఎదిగారు, మా అమ్మగారు కూడా ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నారు కాబట్టి ఐదుగురం అందులో ఇరుక్కుని కూర్చోవలసి వస్తోంది. అందువల్ల ఈసారి 4.3 మీటర్ల పొడవుండే ఎస్‌యూవీ తీసుకోవాలని నిర్ణయించుకున్నాము. క్రెటా, సెల్టోస్‌లలో దొరికే 1.5 లీటర్ల డీజిల్ ఒకవైపు, గ్రాండ్ విటారా, హైరైడర్‌లలో దొరికే హైబ్రిడ్ (పెట్రోలు ఇంజిను, విద్యుత్ మోటారు కలిసినది) మరొకవైపు ఉన్నాయి. రెండు నెలలుగా ఎటూ తేల్చుకోలేకపోతున్నాను.

మా వాడకం ఇలా ఉంటుంది. మియాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడలోని ఆఫీసుకు 15 కిలోమీటర్లు. కొండాపూర్, గచ్చిబౌలి సిగ్నళ్లు దాటుకుని వెళ్లేసరికి ఒక్కోరోజు గంట పడుతుంది. ఇది నెలకు సుమారు 700 కిలోమీటర్లు. నెలకోసారి తణుకు దగ్గరున్న మా ఊరికి వెళ్లివస్తాము. రానూపోనూ 800 కిలోమీటర్లు, దాదాపు అంతా జాతీయ రహదారే. తిరిగి వచ్చేటప్పుడు బియ్యం బస్తా, కొబ్బరికాయలు, పచ్చడి జాడీలు తప్పకుండా ఉంటాయి.

నాకు ఇచ్చిన కొటేషన్లలో హైబ్రిడ్ ధర డీజిల్ కంటే సుమారు 80 వేల రూపాయలు ఎక్కువగా ఉంది. ఆ డబ్బు ఇంధనంలో తిరిగి వస్తుందా? ఐదుగురితో, సామానుతో హైవే మీద లారీని దాటవలసి వచ్చినప్పుడు హైబ్రిడ్ తడబడుతుందా? బ్యాటరీ ఎన్నాళ్లు పనిచేస్తుంది? ఇంకొక సందేహం కూడా ఉంది. ఒకే మోడల్‌లో చవక వేరియంటును, ఖరీదైన వేరియంటును రెండింటినీ హైబ్రిడ్ అనే చెబుతున్నారు. ఆ రెండింటికీ తేడా ఏమిటి?

బెజవాడ_మెకానికల్:

మీ చివరి సందేహంతో మొదలుపెడతాను, ఎందుకంటే అక్కడ పొరపడితే మిగతా లెక్కంతా తప్పుతుంది. చవక వేరియంటులో ఉన్నది మైల్డ్ హైబ్రిడ్. స్టార్టరు, ఆల్టర్నేటరు రెండు పనులూ చేసే చిన్న మోటారు ఇంజినుకు కాస్త చేయూతనిస్తుందే తప్ప ఒంటరిగా చక్రాలను తిప్పలేదు. ఖరీదైనది స్ట్రాంగ్ హైబ్రిడ్. అందులో 1.5 లీటర్ల మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజినుతో పాటు 0.76 యూనిట్ల సామర్థ్యమున్న లిథియం బ్యాటరీ, బండిని సొంతంగా నడపగల మోటారు ఉంటాయి. నత్తనడకగా సాగే ట్రాఫిక్‌లో చాలాసేపు ఇంజిను ఆగిపోయే ఉంటుంది. ఏసీ కంప్రెసరు కూడా విద్యుత్తుతోనే తిరుగుతుంది కాబట్టి సిగ్నల్ దగ్గర ఇంజిను ఆగినా చల్లదనం ఆగదు. కంపెనీ చెప్పే లీటరుకు 27.97 కిలోమీటర్ల మైలేజీ స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు సంబంధించినది మాత్రమే.

ఇక ఇంధనం లెక్కకు వస్తాను. 2025లో హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు సుమారు 107 రూపాయలు, డీజిలు సుమారు 96 రూపాయలు పలికాయి. ఈ రెండు ధరల నిష్పత్తిని బట్టి చూస్తే, డీజిల్ బండి లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే చోట హైబ్రిడ్ 20 ఇస్తే ఖర్చు సమానం, అంతకు మించితేనే హైబ్రిడ్‌కు లాభం. మీ రోజువారీ ట్రాఫిక్‌లో హైబ్రిడ్ 22, డీజిల్ 14 ఇస్తాయని అనుకుందాం. హైవే మీద గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వెళ్తే రెండూ 19 దగ్గరే ఆగుతాయి. ఏడాదికి మీరు ఊళ్లో 8,400, హైవే మీద 9,600 కిలోమీటర్లు తిరుగుతారు. ఆ లెక్కన హైబ్రిడ్‌కు సుమారు 95 వేలు, డీజిల్‌కు సుమారు లక్షా ఆరు వేలు ఖర్చవుతాయి. మిగులు ఏడాదికి 11 వేలు. మీ 80 వేలు తిరిగి రావడానికి ఏడేళ్లు దాటుతుంది. మీరు హైవే ప్రయాణం మానేసి అన్ని కిలోమీటర్లూ ఊళ్లోనే తిరిగితే ఇదే లెక్క రెండున్నరేళ్ల లోపే తేలిపోయేది. నెలకు 1,500 కిలోమీటర్లు అని కలిపి చెబితే ఈ తేడా కనబడదు. అందువల్ల మొత్తం దూరాన్ని బట్టి డీజిల్ కొనాలని చెప్పే పాత సూత్రాన్ని నేను నమ్మడం మానేశాను.

పన్ను విషయం కూడా తెలుసుకోండి. 2025 సెప్టెంబరు 22కు ముందు ఈ పరిమాణపు హైబ్రిడ్‌ల మీద జీఎస్టీ, సెస్సు కలిపి 43 శాతం ఉండేది, క్రెటా లాంటి 1.5 లీటర్ల డీజిల్ ఎస్‌యూవీల మీద 45 శాతం ఉండేది. ఇప్పుడు నాలుగు మీటర్లు దాటిన రెండింటికీ 40 శాతమే. అంటే హైబ్రిడ్‌కు ఉన్న పన్ను వెసులుబాటు పూర్తిగా పోయింది. తక్కువ ఇంధనం కాల్చే బండికి ఏ ప్రోత్సాహమూ లేకుండా చేయడం సరికాదని నా గట్టి అభిప్రాయం. తెలంగాణలో 2024 నవంబరులో ప్రకటించిన రోడ్డు పన్ను మినహాయింపు కూడా పూర్తి విద్యుత్ వాహనాలకే, హైబ్రిడ్‌లకు కాదు.

కొండాపూర్_డీజిల్:

పై లెక్కలో రాని సంగతి ఒకటి ఉంది. నేను డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్నది కాబట్టి వివరంగా రాస్తున్నాను. మీ 2014 డీజిల్ కారును చూసి కొత్త డీజిల్ కూడా అలాగే ఉంటుందని అనుకోవద్దు. 2020 ఏప్రిల్ 1న బీఎస్‌6 కాలుష్య నిబంధనలు వచ్చాక (మారుతి డీజిల్‌కు స్వస్తి చెప్పింది కూడా అప్పుడే) ప్రతి డీజిల్ కారు పొగగొట్టంలోనూ డీపీఎఫ్ అనే వడపోత చేరింది. ఇంజిను నుంచి వచ్చే మసి అందులో పేరుకుంటుంది. కొంత నిండగానే బండి తనంతట తానే కాస్త ఎక్కువ డీజిలు చిమ్మి, ఆ వడపోతను దాదాపు 600 డిగ్రీల వరకు వేడెక్కించి మసిని కాల్చివేస్తుంది. ఆ పని పూర్తి కావాలంటే బండి పావుగంటకు పైగా ఆగకుండా, ఒకే వేగంతో నడవాలి.

మా ఇంట్లో ఆ బండి నడిచింది పిల్లల బడికీ, కూరగాయల మార్కెట్టుకూ మాత్రమే. ఒక్కో ప్రయాణం నాలుగు కిలోమీటర్లు. శుద్ధి మొదలయ్యేసరికి ఇల్లు వచ్చేది, బండి ఆపేసేవాళ్లం. సగంలో ఆగిన ప్రతిసారీ కాలని డీజిలు కొంత ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుందని నాకు అప్పటికి తెలియదు. ఏడాదిన్నరలో డీపీఎఫ్ దీపం మూడుసార్లు వెలిగింది. మూడోసారి ఇంజిను శక్తి తగ్గిపోయి బండి గంటకు నలభై కిలోమీటర్లు దాటలేదు. సర్వీసు కేంద్రంలో ఆయిల్ కొలిచే పుల్లను బయటకు తీసి చూపించారు. ఆయిల్ తగ్గవలసింది పోయి గీతకు పైకి పెరిగింది. బలవంతపు శుద్ధికి, ఆయిల్ మార్పుకు అయిన ఖర్చు కంటే, కొనే రోజున ఎవరూ మా వాడకం గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదన్న బాధే నాకు ఎక్కువగా ఉంది.

మీ పరిస్థితి మాదంత కష్టమైనది కాదు. మీ ఆఫీసు ప్రయాణం గంట సేపు సాగుతుంది, నెలకోసారి హైవే ఎక్కుతారు. అయినా మధ్యలో వచ్చే 700 కిలోమీటర్ల ట్రాఫిక్‌లో మసి నిండే అవకాశం ఉంది. డీజిలే తీసుకుంటే, పది రోజులకోసారి ఆఫీసుకు పటాన్‌చెరు వైపు నుంచి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి నానక్‌రామ్‌గూడ దగ్గర దిగండి. దూరం రెట్టింపవుతుంది గానీ ఆ పరుగుతో వడపోత శుభ్రపడుతుంది. ఇన్ని జాగ్రత్తలు చెప్పినా, డీజిల్‌ను నేను చెడ్డదని అనను. ఇప్పుడు ఉద్యోగరీత్యా వారానికోసారి వరంగల్ వెళ్లివస్తున్నాను, ఆ దీపం మళ్లీ వెలగలేదు. నాలుగైదు వందల కిలోమీటర్లు ఏకబిగిన నడిపినా అలసట తెలియని ఆ లాగుడు నాకు ఇప్పటికీ ఇష్టమే.

తిరుపతి_హైబ్రిడ్:

నేను మూడేళ్లుగా హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్ నడుపుతున్నాను, 46 వేల కిలోమీటర్లు తిరిగింది. తిరుపతి పట్టణంలో నాకు లీటరుకు 23 వస్తుంది. చెన్నై, బెంగళూరు రహదారుల మీద వేగాన్ని బట్టి 18 నుంచి 20 వరకు వస్తుంది. ఈ మూడేళ్లలో ఆయిల్, ఫిల్టర్లు, టైర్లు తప్ప వేరే ఖర్చు రాలేదు. ఇందులో క్లచ్ లేదు, సాధారణ గేర్‌బాక్సు లేదు. ఇంజినును, రెండు మోటార్లను ఒక పళ్లచక్రాల కూర్పు కలుపుతుంది. అరిగే భాగాలే తక్కువ. బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్ల వారంటీ ఉంది. ఈ ఏర్పాటుకు మూలమైన ప్రియస్ 1997లోనే జపాన్‌లో అమ్మకానికి వచ్చింది, మన దేశంలో కామ్రీ హైబ్రిడ్‌ను 2013 నుంచి తయారుచేశారు. కాబట్టి దీన్ని పరీక్షకు నిలవని కొత్త వస్తువుగా చూడనవసరం లేదు. ఒక్క జాగ్రత్త చెబుతాను. గాలితో చల్లబడే బ్యాటరీలకు ఆ గాలి క్యాబిన్ నుంచే వెళ్తుంది కాబట్టి, ఆ జాలీకి సంచులు అడ్డుపెట్టకూడదు, అందులో దుమ్ము చేరనివ్వకూడదు.

బండి శక్తి గురించి మీరు అడిగినది చాలా ముఖ్యమైన ప్రశ్న. కాగితం మీద చూస్తే మా బండికీ క్రెటా డీజిల్‌కూ దాదాపు ఒకే శక్తి, సుమారు 116 హార్స్‌పవర్. కానీ మా బండిలో ఇంజిను ఒక్కటే ఇచ్చేది 92. మిగిలినది బ్యాటరీలో విద్యుత్తు ఉన్నంతసేపే అందుతుంది. డీజిల్‌లో 250 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాలను తిప్పే బలం) ఇంజిను నిమిషానికి 1,500 చుట్లు తిరిగేటప్పటి నుంచే సిద్ధంగా ఉంటుంది. లారీని దాటడమంటే ఎనిమిది, పది సెకన్ల పని. అంతవరకు మా మోటారు వెంటనే అందుకుంటుంది, నాకు ఎప్పుడూ భయం కలగలేదు. తిరుమల ఎక్కేటప్పుడు మాత్రం ఐదుగురం ఉంటే ఇంజిను గట్టిగా అరుస్తుంది. మూడు సిలిండర్ల ఆ మోత మా నాన్నగారికి అసలు నచ్చదు.

దిగేటప్పటి సంగతి ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీ నిండుతుంది కాబట్టి ఘాట్ రోడ్డు హైబ్రిడ్‌కు వరమని నేను అనుకునేవాణ్ని. లెక్క వేసి చూస్తే అంత లేదు. మనుషులతో కలిపి 1,650 కిలోల బండి సుమారు 700 మీటర్ల ఎత్తు నుంచి దిగితే విడుదలయ్యే శక్తి మూడు యూనిట్లు దాటుతుంది. మా బ్యాటరీ మొత్తం సామర్థ్యమే 0.76 యూనిట్లు, అది కూడా ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కాదు. 1944లో వేసిన ఆ మొదటి ఘాట్ రోడ్డులో కొన్ని మలుపులు తిరిగేసరికే బ్యాటరీ నిండిపోతుంది. అక్కడి నుంచి గేరు లివరును బి స్థానంలో పెట్టి, ఇంజినే వేగాన్ని అదుపు చేసేలా దిగాలి, లేకపోతే బ్రేకులు వేడెక్కుతాయి. ఈ విషయం కొత్తగా కొన్నవారికి తప్పకుండా చెప్పాలి. మీరు తణుకు వెళ్లే దారిలో ఘాట్‌లు లేవు గానీ, కుటుంబంతో అరకుకో, మారేడుమిల్లికో వెళ్లే రోజు వస్తుంది కదా.

మీకు అసలు ఇబ్బంది డిక్కీతో రావచ్చు. బ్యాటరీ అక్కడే ఉండడం వల్ల నేల ఎత్తుగా ఉంటుంది, లోతు తక్కువ. మాది నలుగురి కుటుంబం, రెండు సూట్‌కేసులతో సరిపెట్టుకుంటున్నాము. బియ్యం బస్తా, కొబ్బరికాయలు అన్నారు కాబట్టి మీ సామాను తీసుకెళ్లి షోరూములోనే పెట్టి చూడండి.

మియాపూర్_తణుకు:

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. నిన్న ఆదివారం మా రెండు పెద్ద సూట్‌కేసులు, పాతిక కిలోల బియ్యం బస్తా, అమ్మగారి మడత కుర్చీ తీసుకుని రెండు షోరూములకూ వెళ్లాము. డీజిల్ బండి డిక్కీలో అన్నీ పట్టాయి. హైబ్రిడ్‌లో బస్తా పెట్టాక రెండో సూట్‌కేసు నిలువుగా నిలబెట్టవలసి వచ్చింది, కుర్చీకి చోటు లేదు. అయితే ట్రాఫిక్‌లో నడిపి చూసినప్పుడు హైబ్రిడ్ నిశ్శబ్దం అందరికీ నచ్చింది. మోకాళ్ల నొప్పులతో బాధపడే అమ్మగారు, ఆగినప్పుడల్లా వణుకు లేకుండా హాయిగా ఉందని రెండుసార్లు అన్నారు. ఆవిడ ఎక్కి దిగడానికి కూడా దాని సీటు ఎత్తే సరిపోయింది.

కారులో ఎక్కువ గంటలు గడిపేది ట్రాఫిక్‌లో నేను ఒక్కణ్ని. సామానుతో అందరం వెళ్లేది నెలకు రెండు రోజులు. ఆ రెండు రోజులకు పైన క్యారియరు బిగించుకుని హైబ్రిడ్ తీసుకుంటే తప్పవుతుందా?

బెజవాడ_మెకానికల్:

తప్పు కాదు. అయితే క్యారియరు మీద పెట్టిన సామాను గాలిని అడ్డుకుంటుంది. హైవే మైలేజీ 19 నుంచి కిందికి దిగుతుంది. నేను వేసిన లెక్కలో మిగిలే 11 వేలలో కొంత అక్కడే పోతుంది, కాబట్టి ఊరి నుంచి వచ్చే దారిలో తప్ప దాన్ని బిగించి ఉంచవద్దు. బస్తా లాంటి బరువు డిక్కీలోనే ఉండాలి, తేలికైన సూట్‌కేసు పైకి వెళ్లాలి. అడ్వాన్సు కట్టే ముందు మీరు ఐదుగురూ కూర్చుని ఔటర్ మీద గంటకు 80 నుంచి 100కు రెండు మూడుసార్లు వేగం పెంచి చూడండి. ఆ మోతను అమ్మగారు భరించగలరో లేదో అక్కడే తెలుస్తుంది.