ఆర్‌పీలో మాక్యులా వాపు: డోర్జోలమైడ్‌కి ఎంత విరామం ఇవ్వాలి?

రెటినైటిస్ పిగ్మెంటోసా (ఆర్‌పీ: రెటీనా కణాలు క్రమంగా క్షీణించే వంశపారంపర్య జబ్బు) ఉంది, యూఎస్‌హెచ్‌2ఏ జన్యువులో లోపమని పరీక్షలో తేలింది. రెండు కళ్లలోనూ మాక్యులా (మధ్యచూపునిచ్చే రెటీనా భాగం) వాచింది, కుడికంట్లో ఎక్కువ. డోర్జోలమైడ్ 2 శాతం చుక్కలు రోజుకు మూడుసార్లు వేస్తే, కుడికంటి ఓసీటీలో (రెటీనా పొరల స్కాన్) మధ్యభాగం మందం 3 నెలల్లో 438 మైక్రాన్ల నుంచి 316కి దిగింది. చూపు 6/18 నుంచి 6/12కి వచ్చింది. 11వ నెలలో, ఒక్క పూట కూడా మానకపోయినా, మందం మళ్లీ 421. చదివేటప్పుడు వరుసలు వంకరగా కనిపిస్తున్నాయి.

అదే కోవ చుక్కలైన బ్రింజోలమైడ్‌కి మార్చి 8 వారాలు చూశాం, తేడా లేదు. అదే కోవకు చెందిన అసిటజోలమైడ్ మాత్ర 250 మి.గ్రా. రోజుకు రెండుసార్లు 5 వారాలు వాడితే మందం 340కి తగ్గింది గానీ వేళ్లు తిమ్మిరెక్కాయి, విపరీతమైన నీరసం, రక్తంలో పొటాషియం 3.1కి పడిపోయింది. డాక్టరే ఆపించారు. ఆపిన 3 వారాలకే వాపు తిరిగొచ్చింది. యువియైటిస్ (కంటి లోపలి ఇన్‌ఫ్లమేషన్) లేదు, మాక్యులాని లాగే పొర కూడా ఓసీటీలో కనబడలేదు.

ఈ మందులు రాడ్ కణాల (మసకవెలుతురులో చూపునిచ్చే రెటీనా కణాలు) క్షీణతను ఆపవని తెలుసు. రెటీనాలో చేరిన నీటిని దాని వెనకున్న పొర బయటికి తోడేలా చేసి, మిగిలిన మధ్యచూపును కాపాడతాయి. ఆ కాస్త చూపే ఇప్పుడు ఆధారం. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌ని కంటిపీడనం, శుక్లం భయంతో ప్రస్తుతానికి పక్కన పెట్టాం. చుక్కలు కొంతకాలం ఆపి మళ్లీ మొదలుపెడితే కొందరిలో తిరిగి పనిచేస్తాయి. అందుకు డాక్టర్ ఒప్పుకున్నారు, విరామం ఎంతన్నదే తేలలేదు.

ఇలా వాపు తిరగబెట్టాక డోర్జోలమైడ్ ఆపి మళ్లీ వాడినవాళ్లు చెప్పండి: ఎన్ని వారాల విరామం ఇచ్చాక మీ ఓసీటీ మందం మళ్లీ తగ్గింది?