రాకాసి గుళ్ళ మ్యాప్ పిన్: ఉంచాలా, తీసేయాలా?

మోటబావి: నిన్న ఇక్కడ రాకాసి గుళ్ళ (ఇనుపయుగం నాటి రాతి సమాధుల) ఫొటోలు పెట్టినవాళ్ళు మ్యాప్ పిన్ కూడా జోడించారు. తీసేయాలని నేను, ఉంచాలని పాలమూరోడు. ఫొటోల కింద తిట్లు ముదిరాయి, అందుకే విడిగా చర్చ పెట్టాను. గుప్తనిధుల వాళ్ళకు రాతిపెట్టె సమాధి కనబడితే చాలు, కప్పుబండ దొర్లించి తవ్వేస్తారు. మామూలుగా దొరికేది నలుపు-ఎరుపు కుండలు, తుప్పు పట్టిన ఇనుము, ఎముకలు. బంగారం లేదని వాళ్ళకు అర్థమయ్యేసరికి మట్టి పొరలన్నీ కలిసిపోతాయి. ఏ ఎముక పక్కన ఉందో తెలియని కుండ ఉత్త పెంకు.

పాలమూరోడు: అన్నా, వాళ్ళు నీ పిన్ చూసి వస్తరా? గొర్లు కాసేటోళ్ళను అడిగి వస్తరు. గుళ్ళు ఎక్కువ పోయేది పారతోని కాదు, జేసీబీతోని. చెలక చదును చేసేటప్పుడు చుట్టుబండలు గట్టుకేస్తరు, పెద్దయి క్రషర్‌కు పోతయి. ఎవలికీ తెల్వని బండ పోతే అడిగేటోడెవడు? కృష్ణ ఒడ్డున ముడుమాల్ నిలువురాళ్ళు నలుగురి నోట్ల పడ్డయి కాబట్టే 2025ల యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కినయి.

అక్షరమాల: గుళ్ళు కాదండీ, గూళ్ళు. గుడి వేరు, గూడు వేరు.

మోటబావి: ముడుమాల్ జాబితాకెక్కింది ఏళ్ళ తరబడి పరిశోధన జరిగాక. పిన్ వల్ల కాదు. జనం ఎగబడితే ఏమవుతుందో కావాలంటే ఫ్రాన్స్‌లో ఆదిమానవుల రంగు బొమ్మలున్న లాస్కో గుహను చూడు. 1948లో తెరిచారు. వచ్చేవాళ్ళ ఊపిరికి, లైట్ల వెలుగుకు గోడలు పాచిపట్టాయి. 1963లో మూసేశారు.

పాలమూరోడు: మూసిన గుహకూ ఎండల నిలబడ్డ బండకూ పోలికేంది?

రాతిబొమ్మ: బండకూ చేటే. గుంతలు చెక్కిన రాళ్ళ మీద ఫొటో బాగా రావాలని సుద్దముక్క రుద్దుతున్నారు. రంగు బొమ్మల మీద నీళ్ళు చల్లుతున్నారు. తడిసినంతసేపు ఎర్రగా మెరుస్తాయి, ఆరాక లవణాలు తెల్లపొరగా మిగులుతాయి. మళ్ళీ మళ్ళీ చేస్తే రంగే పొట్టులా లేస్తుంది. గుంతలను పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు ఎండలో తీయండి. లేదంటే చీకటి పడ్డాక టార్చి లైటును రాతికి దాదాపు ఆనించి పక్క నుంచి వేయండి, ప్రతి గుంతా తేలుతుంది. బొమ్మలకైతే మామూలు ఫొటో తీసి, రంగుల తేడాలను పెంచి చూపే డీస్ట్రెచ్ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే చాలు, కంటికి ఆనని గీతలూ బయటపడతాయి. పక్కన కొలబద్ద పెట్టండి. చేతికర్ర, చెప్పు కాదు!

గడ్డపార: పది రూపాయలు మించిన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాలి. 1878 చట్టం. ఇక చర్చెందుకు?

పాలమూరోడు: అది భూమిల దాగిన నిధికి. పైన నిలబడ్డ బండను క్రషర్‌కు పంపితే ఆ చట్టం ఏం జేస్తది?

మోటబావి: సరే, సూటిగా అడుగుతా. నీకు పిన్ కావలసింది గుళ్ళ కోసమా, "ముందు చూసింది నేనే" అనిపించుకోవడానికా?

పాలమూరోడు: మరి మీరు దాచేది గుళ్ళ కోసమా, మీ పరిశోధన పేపరు అచ్చయ్యేదాంక ఇంకొకడు రావొద్దనా? జాగ మీ ల్యాప్‌టాప్‌ల ఉంటది. పట్టాదారుకు మాత్రం తన చెలకల ఏమున్నదో చెప్పరు. ఓ దినం సర్కారు నోటీసు వస్తదని ఎవడో అంటడు, తెల్లారేసరికి బండలు మాయం. నా లొల్లి పిన్ గురించి కాదు, గీ దాపరికం గురించి.

మోటబావి: ఈ మాట మొదటే అనుంటే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు. రైతుకు చెప్పాల్సిందే. కానీ సగం కాదు, మొత్తం చెప్పాలి. చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. ఇది కేంద్రం రక్షితమని ప్రకటించిన వాటికే, ఊళ్ళో కనబడ్డ ప్రతి బండకూ కాదు. ప్రకటించే ముందు అభ్యంతరాలకు రెండు నెలల గడువుంటుంది. 1958 పురాతన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత స్థలంలో కూడా సాగు చేసుకోవచ్చు, అడుగు లోతు మించి తవ్వకపోతే.

పాలమూరోడు: అడుగు లోతు నాగలికి సాలుతది. బోరుకు?

మోటబావి: బోరుకు చాలదు. అదీ దాచకుండా చెప్పాలి.

రాతిబొమ్మ: పిన్ సంగతి తేల్చండి. అక్షాంశ రేఖాంశాలు రెండు దశాంశాల దాకే ఇస్తే ఇంచుమించు కిలోమీటరు అటూ ఇటూ అవుతుంది. ఐదు దశాంశాలిస్తే మీటరులోకి వస్తుంది. ఫోను కెమెరాలో లొకేషన్ ఆపేయండి. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపిన ఫొటోతో లొకేషన్ కూడా వెళ్ళిపోతుంది, గుర్తుంచుకోండి.

పాలమూరోడు: సర్వే నంబరు పట్టాదారుకు, పంచాయతికి రాసియ్యిర్రి. గప్పుడు ఈడ రెండు దశాంశాలకు ఒప్పుకుంట.

మోటబావి: పంచాయతీకి రాస్తే ఊరంతా తెలుస్తుంది.

పాలమూరోడు: ఊరిదే కదనే అది!

అక్షరమాల: గూళ్ళు.