ఫోరెన్సిక్ సైకాలజీని కొత్త విద్యార్థులకు ఎలా పరిచయం చేయాలి?

డిగ్రీ మొదటి ఏడాది విద్యార్థులకు నేరం-న్యాయం పాఠంలో భాగంగా ఫోరెన్సిక్ సైకాలజీ, అంటే నేర విచారణకూ కోర్టు వ్యవహారాలకూ పనికొచ్చే మనస్తత్వశాస్త్రం, చెప్పాలి. దొరికింది రెండే క్లాసులు. టీవీ పుణ్యమా అని వాళ్లకు తెలిసిందల్లా సీరియల్ కిల్లర్లూ, ప్రొఫైలింగూ (నేరం జరిగిన తీరును బట్టి నేరస్తుడు ఎలాంటివాడో ఊహించడం). అసలు పనిలో అది చిన్న ముక్కే కదా. సాక్షి జ్ఞాపకం, విచారణలో తప్పుడు ఒప్పుకోళ్లు, నిందితుడి మానసిక స్థితి అంచనా, ఇవన్నీ ఉన్నాయి.

1974లో లాఫ్టస్, పామర్ అనే మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగంతో మొదలుపెడదామనుకుంటున్నాను. కార్ల ప్రమాదం చూపించి, కొందరిని ‘గుద్దుకున్నప్పుడు’ వేగమెంత అని, ఇంకొందరిని ‘నుజ్జునుజ్జుగా గుద్దుకున్నప్పుడు’ ఎంత అని అడిగారు. వారం తర్వాత, అక్కడ లేని గాజుపెంకులు చూశామన్నవాళ్లు మొదటి గుంపులో 50 మందికి 7గురు, రెండో గుంపులో 50కి 16 మంది! దీన్ని క్లాసులోనే చేయించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? వాళ్లకు ముందే అనుమానం రాకుండా ఎలా నడపాలి?

రెండో క్లాసుకి మతిస్థిమితం, నేరబాధ్యత. మతిస్థిమితం లేని నిందితుడికి నేరబాధ్యత ఉందో లేదో తేల్చడానికి ఇంగ్లండులో పెట్టిన 1843 నాటి మెక్‌నాటన్ నియమాలు నేరుగా చెబితే నిద్రపోతారు. కేసు ఇచ్చి వాదించమందామంటే, నిజమైన బాధితుల కథను ఆటలా వాడటం నాకు మనస్కరించడం లేదు. కల్పిత కేసు సరిపోతుందంటారా? మీరెలా చేశారో చెప్పగలరు.