స్వానుభవాలు చెబితే వాడుక ఇంగ్లీషు వస్తుందా?

చర్చ ప్రారంభించిన సభ్యురాలు:
వాడుక ఇంగ్లీషు నేర్పేవారిలో చాలామంది పదాల పట్టికలను పక్కనబెట్టి, తమకు ఎదురైన సంఘటనలు చెబుతూ వాటి మధ్యలో కొత్త మాటలను పరిచయం చేస్తున్నారు. వినడానికి హాయిగానే ఉంటుంది. అయితే అవసరమైనప్పుడు ఆ మాట నోటికి వస్తుందా, లేక కథ ఒక్కటే గుర్తుంటుందా?

ఇంగ్లీషు అధ్యాపకుడు:
తప్పకుండా వస్తుందనే నా అభిప్రాయం. బోవర్, క్లార్క్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1969లో ప్రచురించిన ప్రయోగంలో, 10 పదాల చొప్పున ఉన్న 12 జాబితాలను కథలుగా అల్లుకున్న విద్యార్థులు చివరికి 93 శాతం పదాలను తిరిగి చెప్పగా, మామూలుగా చదువుకున్నవారు 13 శాతం దగ్గరే ఆగిపోయారు. ఇంత తేడా కనిపిస్తూ ఉండగా ఇంకా బట్టీ పట్టించడం దేనికి?

అనువాదకురాలు:
అంకెలతో నాకు పేచీ లేదు గానీ, వాటి నుంచి అధ్యాపకుల వారు తేల్చిన విషయాన్ని ఒప్పుకోలేను. ఆ విద్యార్థులకు ఆ పదాలన్నీ ముందే తెలిసినవి. వారు గుర్తుపెట్టుకోవలసింది వాటి వరుసనే తప్ప కొత్త అర్థాలను కాదు. పైగా కథలు అల్లుకున్నది వారే, మరొకరు చెప్పగా విన్నవి కావు. 1977లో రోజర్స్, కైపర్, కర్కర్ చేసిన ప్రయోగంలోనూ, ఒక విశేషణానికి అర్థమేమిటని చూసినప్పటి కంటే అది తమకు వర్తిస్తుందా అని ఆలోచించినప్పుడే అది బాగా గుర్తుండిపోయింది. ఈ లెక్కన గురువుగారి అనుభవం వల్ల ఎక్కువ లాభపడేది గురువుగారే!

దారి మధ్యలో బండి ఆగిపోయిన కథ చెప్పి 'వి రాన్ అవుట్ ఆఫ్ పెట్రోల్' అని నేర్పారనుకుందాం. విన్నవారికి బండి తోసుకుంటూ వెళ్లిన దృశ్యం చెక్కుచెదరకుండా ఉంటుంది. ఓపిక నశించినప్పుడు మాత్రం 'అయామ్ రన్నింగ్ అవుట్ ఆఫ్ పేషెన్స్' అనాలని తట్టదు, ఎందుకంటే ఆ మాట వారి మనసులో పెట్రోలుకే అంటుకుపోయింది. (క్రికెట్ చూసేవారికి రనవుట్‌తో వచ్చే చిక్కు వేరే.) ఒకే మాటకు వేర్వేరు సందర్భాలు నాలుగు చూపకపోతే అది ఆ కథలోనే ఉండిపోతుంది.

ఇంగ్లీషు అధ్యాపకుడు:
సందర్భాలు ఎక్కువ కావాలన్న మాట సబబే. కానీ ఆ పని పట్టిక ఎప్పుడు చేసింది? పట్టికలో ఆ మాట పక్కన 'అయిపోవు' అని ఉంటుంది. మనిషి కర్తగా ఉంటే 'ఆఫ్' వస్తుందనీ, అయిపోయిన వస్తువే కర్తయితే 'ద పెట్రోల్ రాన్ అవుట్' అంటే చాలుననీ తెలియాలంటే పూర్తి వాక్యం వినవలసిందే. నేను కథ చెప్పి ఊరుకోను; అదే మాటతో తమకు జరిగినది చెప్పమని విద్యార్థులను అడుగుతాను. వారం తరువాత మళ్లీ అడుగుతాను.

నేర్చుకుంటున్న సభ్యుడు:
మీ ఇద్దరి వాదనలోనూ మాలాంటి కొత్తవారి ఇబ్బంది రాలేదు. కథలో సగం మాటలు తెలియనప్పుడు అసలు మాటను ఊహించడం ఎక్కడ సాధ్యమవుతుంది? ఎవరి సాయమూ లేకుండా చదివి అర్థం చేసుకోవాలంటే నూటికి 98 పదాలు ముందే తెలిసి ఉండాలని పాల్ నేషన్ వంటి పరిశోధకులు చెబుతారు. ప్రారంభ దశలో కథనంతా తెలుగులోనే చెప్పి, నేర్పవలసిన ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం ఇంగ్లీషులో పలికితే మాకు సులువుగా ఉంటుంది. దీనికి అధ్యాపకుల వారు ఒప్పుకుంటారా?