భర్మార్ తుపాకీకి కొత్త నిప్పల్: ఏ సైజు తీసుకోవాలి?

దేవరకొండ రైతు: బాపు తర్వాత పంట రక్షణ లైసెన్స్ నా పేరుకు మారింది. తుపాకీ ఒంటి గొట్టందే, మూతి నుంచి మందు కూరేది. 2023 అసెంబ్లీ ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేస్తూ కడగకుండానే ఇచ్చాను, తప్పు నాదే. తిరిగి తెచ్చుకునేసరికి నిప్పల్, అదే క్యాప్ తొడిగే చిన్న మర గొట్టం, దాని చుట్టూ తుప్పు. ఇప్పుడు మొదటి దెబ్బకు టిక్‌మంటుంది, రెండో దెబ్బకు పేలుతుంది. కొత్తది కొందామని పోతే షాపాయన "ఏ సైజు?" అన్నాడు. నోట మాట రాలేదు.

అచ్చంపేట తమ్ముడు: అన్నా, రెండో దెబ్బకు పేలుతోందంటే క్యాప్ (దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న టోపీ) కిందిదాకా దిగడం లేదు. మొదటి దెబ్బ బలమంతా క్యాప్‌ను కిందికి నెట్టడానికే పోతుంది. నిప్పల్ తల చూడు, దెబ్బలు తిని తిని పుట్టగొడుగులా పరుచుకుని ఉంటుంది. మాదీ అంతే ఉండె. మరి క్యాప్ దిగడం లేదని బలంగా అదిమేవు, పేలితే వేళ్లు పోతాయి.

మిర్యాలగూడ లేత్ మామ: నేను తుపాకీ పని ముట్టను. 1959 ఆయుధాల చట్టం ప్రకారం రిపేరుకు కూడా లైసెన్స్ ఉండాలి, ఆ షాపుకే పో. మరల గురించి మాత్రం చెప్తా. పావు అంగుళం లావు, అంగుళానికి 28 చుట్ల మర ఉన్న నిప్పల్ ఒక రకం. 6 మిల్లీమీటర్లు, 1 మిల్లీమీటరు పిచ్‌ది (పిచ్ అంటే చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం) ఇంకో రకం. కంటికి రెండూ ఒకటే! కానీ పావు అంగుళమంటే 6.35. అందులో 6 మిల్లీమీటర్లది పెడితే దూరిపోతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది. మరలు సగం కూడా పట్టవు. పేలినప్పుడు అది వెనక్కి ఎగిరితే నీ కన్ను ఉండేది సరిగ్గా ఆ దారిలోనే. పాతది విప్పి పిచ్ గేజ్‌తో చూడకుండా పైసా పెట్టకు.

డాలస్ పాలమూరోడు: మా ఊరు నారాయణపేట దగ్గర, ఇప్పుడు ఇక్కడ షూటింగ్ రేంజ్‌లో 1853 ఎన్‌ఫీల్డ్ తుపాకీ నమూనా కాలుస్తుంటాను. దానికి మస్కెట్ క్యాప్, రెక్కల టోపీలా ఉంటుంది, లోపలి వెడల్పు రమారమి 6 మిల్లీమీటర్లు. 11 నంబరు క్యాప్ అయితే 4 చిల్లర. అందుకే ముందు మర, తర్వాత మీకు ఎప్పుడూ దొరికే క్యాప్, ఆ రెండూ చూసి నిప్పల్ కొనాలి. నేను తిరగేసి చేశాను, క్యాప్‌ల డబ్బా ముందు కొని కూర్చున్నా!

ఇంకోటి. నిప్పు సరిగ్గా అందడం లేదని అడుగున ఉన్న బెజ్జాన్ని డ్రిల్‌తో పెద్దది చేయొద్దు. కొత్తదానికి అది దాదాపు 0.7 మిల్లీమీటర్లే. వాడగా వాడగా పెద్దదైతే గ్యాస్ వెనక్కి తన్ని, క్యాప్‌ను కొట్టే హ్యామర్‌ను లేపుతుంది. కాల్చాక హ్యామర్ సగం లేచి కనిపిస్తోందా, నిప్పల్ పని అయిపోయినట్టే.

అచ్చంపేట తమ్ముడు: విప్పే ముందు లోపల మందు లేదని చూసుకో. కూరే చువ్వను అడుగు తగిలేదాకా దించి, మూతి దగ్గర వేలు పెట్టి పట్టుకో, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించు. కొన నిప్పల్ దాకా రావాలి. ఆగిందంటే లోపల ఏదో ఉన్నట్టే.

దేవరకొండ రైతు: చువ్వ నిప్పల్ దాకా వచ్చింది, ఖాళీయే. రెండు రోజులు కిరసనాయిల్ పోసి పెట్టి, నిప్పల్ పానాతో షాపాయనే విప్పాడు. మామ చెప్పినట్టే పావు అంగుళం, 28 చుట్లు. నాకు ముందు చూపించింది 6 మిల్లీమీటర్లది! సరైనది 11 నంబరు క్యాప్‌కు తీసుకున్నా, మరలకు గ్రీజు రాసి బిగించాడు. మందు లేకుండా ఉత్త క్యాప్ పెట్టి, మూతి ముందు ఎండు గడ్డిపోచ ఉంచి కొట్టి చూపించాడు. ఒక్క దెబ్బకే చిటుక్‌మంది, గడ్డిపోచ ఎగిరి అవతల పడింది.

మిర్యాలగూడ లేత్ మామ: దారి సాఫీగా ఉంది. ఈసారి కాల్చిన రోజే వేడినీళ్లతో కడుగు, మందు మసి తేమ పీలుస్తుంది. ఆరాక నూనె రాయి. ఆ పాత నిప్పల్ పారేశావా?

దేవరకొండ రైతు: లేదు మామా, షాపుకు పోతే చూపించడానికి డబ్బాలో పెట్టుకున్నా.