కాలేజీలో డప్పు, బుర్రకథ, ఖవ్వాలీ, తోలుబొమ్మలాట, మధ్యలో చర్చ: వరస ఎట్టా పెట్టాలి?

ఒంగోలు_కుర్రోడు:
ఏప్రిల్ 14న అంబేడ్కర్ జయంతికి మా కాలేజీ కమ్యూనిటీ హాలు ముందున్న ఖాళీ జాగాలో సాయంత్రం 5 నుంచి 8 దాకా కార్యక్రమం అనుకుంటున్నాం. డప్పు (ఎనిమిది మంది), బుర్రకథ, నెల్లూరు నుంచి ఖవ్వాలీ, తోలుబొమ్మలాట, కారంచేడులో దళితుల్ని చంపిన ఘటన మీద చర్చ. ఏది ముందు, ఏది వెనక? మైకులెన్ని కావాలి? ప్రిన్సిపాల్ లెటర్ ఉంటే సరిపోతుందా?

గుమ్మెట:
తమ్ముడూ, ముందు టైం మార్చు. ఏప్రిల్ నడిమిలో మనకాడ పొద్దు కుంగేసరికి ఆరున్నర. చీకటి పడందే తెర మీద బొమ్మ తేలదు, కాబట్టి తోలుబొమ్మలాట ఆఖరున పెట్టక తప్పదు. 6కి మొదలెట్టు. డప్పు గేటు కాడ నుంచి ఊరేగింపుగా 20 నిమిషాలు, బుర్రకథ 40, చర్చ 35, ఖవ్వాలీ 40, బొమ్మలాట 45. మార్పులకి ఇంకో పావుగంట వేసుకుంటే 9:15 అవుతుంది. పదింటికల్లా లౌడ్‌స్పీకర్ ఆపాల్సిందే, అందుకే ఆ ముప్పావు గంట ఆలస్యాలకి వదిలిపెట్టు. తెర వేదిక మీద కాకుండా పక్కన విడిగా కట్టించు, ఖవ్వాలీ సాగుతుండగానే వాళ్లు సర్దుకుంటారు.

డప్పుకి మంట కావాలని వాచ్‌మన్‌కి ముందే చెప్పి పెట్టు, లేకపోతే నీళ్లు పోసి ఆర్పేస్తాడు. సముద్రపు గాలి తేమకి తోలు వదులై మోత చచ్చిపోతుంది. షామియానాకి దూరంగా గడ్డి మంట వేసి, డప్పుని తిప్పుతా కాస్తారు. ఒకేచోట ఆనిస్తే తోలు పగులుద్ది. కాచినాక నిలబెట్టి ఉపన్యాసాలు పెట్టావంటే మళ్లీ మొదటికొస్తుంది. అతిథులు రానీ రాకపోనీ, కాగిన డప్పు ఆగకూడదు.

సౌండ్‌బాక్స్:
ఎనిమిది డప్పులకి ఆరుబయట మైకు దండగ. చిక్కంతా బుర్రకథకాడే. కథకుడు ముందుకీ వెనక్కీ అడుగులేస్తా చెబుతాడు, స్టాండు మైకైతే ఒక మాట పడి ఇంకోటి పోతుంది. ఆయనకి కాలర్ మైకు, పక్కన వంత పాడే ఇద్దరికీ (ఒకరు నవ్వించే హాస్య వంత, ఇంకొకరు రాజకీయం చెప్పే రాజకీయ వంత) చెరొక స్టాండు. హాస్య వంత మైకు పనిచేసి రాజకీయ వంతది మూగబోయిందా, జనం నవ్వుకుని పోతారు, మీరు చెప్పదలుచుకున్నది మాత్రం గాలికి పోతుంది. ఆ మైకు రెండుసార్లు చూసుకోండి.

ఖవ్వాలీకి వేదిక మీద జంఖానా పరిచి పొట్టి స్టాండ్లు నాలుగు: ప్రధాన గాయకుడికి, హార్మోనియంకి, ఢోలక్‌కి, వంత పాడే వాళ్లకి. తోలుబొమ్మలకి తెర వెనక రెండు మైకులు చాలు. వెలుగు ఒకే బల్బుది ఉండాలి. రెండు పెడితే, బొమ్మ తెర నుంచి కాస్త ఎడమైందంటే నీడలు రెండవుతాయి. గుడ్డ కింది అంచు బిగించి కట్టించండి, గాలికి అలలాడితే బొమ్మ ముఖమే కనపడదు. అన్నిటికంటే ముందు, బొమ్మలాటప్పుడు ఆర్పడానికి గ్రౌండు ఫ్లడ్‌లైటు స్విచ్ ఎక్కడుందో కనుక్కోండి.

ప్రిన్సిపాల్ లెటర్ ఒక్కటే చాలదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో విద్యాసంస్థల చుట్టూ 100 మీటర్లు సైలెన్స్ జోన్ కింద వచ్చే వీలుంది. ఆ లెటర్ జతచేసి పోలీసులకి అర్జీ పెట్టండి. అందులో మొదలు, ముగింపు టైములు, స్పీకర్ బాక్సులెన్ని, అవి ఏ దిక్కుకి తిప్పి ఉంటాయి, దగ్గర్లో ఆసుపత్రి ఎంత దూరం, అన్నీ రాయండి.

చీరాల_అక్క:
చర్చ గురించి. కారంచేడు ఘటన 1985 జూలై 17న జరిగింది. అప్పటికి అది ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల. బోర్డు మీద రెండూ సరిగ్గా వేయించు బాబూ. చంపడాన్ని స్కిట్‌గా ఆడించొద్దు, ఎదురుగా ఆ కుటుంబాల పిల్లలే కూర్చుని ఉండొచ్చు. బాధితులు చీరాలకి తరలి రావడం, అదే ఏడు దళిత మహాసభ పుట్టడం, 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రావడం, ఈ దారిన నడిపితే 35 నిమిషాలు ఇట్టే అయిపోతాయి. ప్రశ్నలు చీటీల మీద తీసుకోండి. మైకు చేతికిస్తే ముందు వరసలో ఇద్దరే పట్టుకుని వదలరు.

ఇంకోటి. ఆహ్వానపత్రికలో అతిథుల పేర్లు పెద్దక్షరాల్లో వేసి, కళాకారుల్ని "డప్పు బృందం" అని ఒక్క ముక్కలో తేల్చొద్దు, ఎనిమిది పేర్లూ వేయండి. భోజనం అందరికీ ఒకే పంక్తిలో, ఒకే రంగు టోకెన్లతో. డబ్బుల కవరు ఎవరి ఆట అయిపోగానే వాళ్ల చేతికి అందాలి. తొమ్మిది దాటినాక ఊళ్లకి బస్సులుండవు, తిరుగు ఆటోలు ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఒంగోలు_కుర్రోడు:
టైం మార్చేశాం అన్నా. ఫ్లడ్‌లైటు స్విచ్ వార్డెన్ గదిలో ఉందంట.

సౌండ్‌బాక్స్:
తాళంచెవి ముందురోజే తీసుకో. ఆయన ఆ సాయంత్రం ముందు వరసలో కూర్చునుంటాడు.